భుజం మీద బరువు దించండి

అరవై దాటాక సైకిల్ బయటికి తీస్తే అందరూ మోకాళ్ల గురించే అడుగుతారు. "ఈ వయసులో మోకాళ్లు తట్టుకుంటాయా?" అని. మోకాలికి సైకిల్ నిజానికి మేలే చేస్తుంది. ఒంటి బరువు సీటు మోస్తుంది, పాదం నేలకు గుద్దుకోదు. నా ఈడువాళ్లు సైకిల్‌ను బాల్కనీలో నిలబెట్టి దుప్పటి కప్పేయడానికి కారణం, నేను చూసినంతవరకు, ఎక్కువసార్లు భుజమే. ఒకరికి జబ్బ గుంజుతుంది. ఒకరికి మెడ పట్టేస్తుంది. ఇంకొకరికి అరచేయి మొద్దుబారి, ఇంటికొచ్చాక తాళంచెవి తిప్పడం కూడా కష్టమవుతుంది. "వయసైపోయింది, ఇక చాలు" అని తమకు తామే తీర్పు చెప్పుకుంటారు.

ఆ మాట వింటే నా మనసు ఒప్పుకోదు. ఆ నొప్పిలో వయసు వాటా ఉంటుంది, కాదనను. కానీ సైకిల్‌ను మన ఒంటికి తగ్గట్టు బిగించుకోకపోవడం వల్ల వచ్చే వాటా అంతకంటే చాలా ఎక్కువ. దాన్ని ఒక పూటలో సరిచేసుకోవచ్చు.

మేముండేది హైదరాబాద్ మాదాపూర్‌లో. 1998 నవంబరులో వాజ్‌పేయి గారొచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఈ చుట్టుపక్కల ఎటు చూసినా బండరాళ్లే. నేను కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసినన్నాళ్లూ సైకిల్ మీదే తిరిగాను, రిటైరయ్యాకా వదల్లేదు. ఇప్పుడు ఈ అపార్ట్‌మెంట్ల నిండా పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడ్డ పెద్దవాళ్లు. కరీంనగర్ నుంచి, గుంటూరు నుంచి, విశాఖ నుంచి. తెల్లవారుజామున దుర్గం చెరువు వైపు వెళ్తే హెల్మెట్ కింద నెరిసిన జుట్టు చాలానే కనబడుతుంది. వాళ్లు అడిగినప్పుడల్లా చెప్పే మాటలే ఇవి. నేను డాక్టరును కాను. ఏళ్ల తరబడి తొక్కి, మెకానిక్ పక్కన నిలబడి, ఫిజియోథెరపిస్టుల ముందు కూర్చుని నేర్చుకున్నది చెబుతున్నాను.

1. సీటు దగ్గర మొదలుపెట్టండి

భుజం నొప్పి అనగానే అందరి చూపూ హ్యాండిల్ మీదికి పోతుంది. ముందు సీటు చూడండి. సైకిల్ మీద మన బరువు మూడుచోట్ల ఆనుతుంది: సీటు, పెడళ్లు, హ్యాండిల్. మొదటి రెండూ మోయాల్సింది మోయకపోతే మిగిలిందంతా చేతుల మీద పడుతుంది.

సీటు ముక్కు కిందికి వంగి ఉందనుకోండి. మనకు తెలియకుండానే ముందుకు జారుతుంటాం. జారకుండా ఆపేది చేతులే. తొక్కినంతసేపూ అరచేతులు హ్యాండిల్‌ను నెడుతూనే ఉంటాయి, ఆ నెట్టుడు మణికట్టు, మోచేయి దాటి భుజానికి, మెడకు చేరుతుంది. సైకిల్‌ను చదునైన నేల మీద నిలబెట్టండి. సెల్లార్‌లో ర్యాంపు దగ్గర వద్దు, అక్కడ నేలే వాలుగా ఉంటుంది. సీటు మీద పొడవాటి అట్టపుస్తకం ఒకటి పెట్టి, దానిమీద మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టండి. అది లేకపోతే ఫోన్‌లోనే ఉంటుంది. బుడగ మధ్యలో నిలవాలి. ముక్కు ఒకటి రెండు డిగ్రీలు దిగినా నష్టం లేదు. అంతకు మించితే చేతులకు శిక్ష. పైకి లేస్తే కాళ్ల సందున నరాలు నలిగి, అది వేరే బాధ.

తర్వాత సీటు ముందు వెనకల సంగతి. "సీటును ముందుకు జరిపితే హ్యాండిల్ దగ్గరవుతుంది కదా, చేతులకు సుఖం కదా" అని చాలామంది జరుపుతారు. ఉల్టా అవుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. పక్కన కుర్చీ పెట్టుకుని, మడమలు, పిరుదులు గోడకు ఆనించి నిలబడి ముందుకు వంగండి. కొంచెం వంగగానే ముందుకు తూలిపోతారు, చేయి కుర్చీ మీదికి పోతుంది. ఇప్పుడు గోడకు దూరంగా జరిగి వంగండి. పిరుదులు వాటంతటవే వెనక్కి పోతాయి, చేతులకు ఏ పనీ ఉండదు. సైకిల్ మీదా ఇదే లెక్క. సీటు మరీ ముందుకుంటే ఒంటిని ఆపే భారం చేతులదవుతుంది. సెంటీమీటరు వెనక్కి జరిపి నాలుగు రోజులు తొక్కి చూడండి. మరీ వెనక్కి పోతే మోకాలు, నడుము ఒప్పుకోవు, కాబట్టి కొద్దికొద్దిగానే జరపాలి.

ఎత్తు కూడా చూసుకోవాలి. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తెస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు మునివేళ్ల కింది భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు అంతకంటే ఎత్తుంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపు ఆపడానికి మళ్లీ చేతులే బిగుసుకుంటాయి.

మూడూ సరిపోయాయో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. వాహనాలు లేని చదును రోడ్డు మీద మామూలు వేగంతో తొక్కుతూ, చేతులు హ్యాండిల్ మీదే ఉంచి, వాటి మీది బరువు తీసేసి చూడండి. ఒళ్లు ముందుకు పడబోతే సీటు ఇంకా కుదరలేదు. పడకుండా నిలబడితే సగం నొప్పి ఆరోజుతో తగ్గడం మొదలవుతుంది.

2. హ్యాండిల్‌ను మీ దగ్గరికి తెచ్చుకోండి

మన చిన్నప్పటి అట్లాస్, హీరో సైకిళ్లు గుర్తున్నాయా? హ్యాండిల్ వెనక్కి వంగి మన చేతుల్లోకి వచ్చేది. సీటు కింద లావు స్ప్రింగులుండేవి. మనిషి కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని తొక్కేవాడు. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారని చెప్పుకుంటామే, ఆ కాలపు సైకిళ్లు అలాంటివి. నెదర్లాండ్స్‌లో పెద్దవయసు వాళ్లు ఇప్పటికీ తొక్కేది ఆ పద్ధతి సైకిళ్లనే. వేగం తక్కువ, బరువు ఎక్కువ. భుజాలకు మాత్రం హాయి.

ఇప్పుడు షాపుల్లో ముందుగా చూపించేవి కొండదారుల కోసం తయారైన రకం. హ్యాండిల్ అడ్డకర్రలా తిన్నగా, కిందికి, దూరంగా ఉంటుంది. పాతికేళ్ల కుర్రాడి వెన్ను అలా వంగుతుంది. మన వెన్ను వంగదు. వంగినా, రోడ్డు చూడాలంటే తల పైకెత్తాలి, మెడ వెనక్కి విరగాలి. అరవై దాటిన మెడలో పూసల మధ్య జాగా ముందే తగ్గి ఉంటుంది. తల వెనక్కి విరిచినప్పుడు చేతికి వెళ్లే నరాలు బయటికొచ్చే దారి ఇంకా ఇరుకవుతుంది. నొప్పి తెలిసేది జబ్బలో. నలిగేది మెడలో. ఎన్నాళ్లు భుజానికి తైలం రాసినా తగ్గని నొప్పుల్లో కొన్ని ఇవే.

అందుకని హ్యాండిల్ పట్టు సీటుతో సమానంగా, వీలైతే రెండు మూడు వేళ్లు ఎత్తులో ఉండాలి. పాత రకం సైకిల్‌లో పైనున్న బోల్టు వదులు చేసి హ్యాండిల్ మెడను పైకి లాగొచ్చు. కానీ ఆ గొట్టం మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనబడేదాకా లాగకూడదు, లాగితే తొక్కుతుండగానే ఊడిరావచ్చు. కొత్త రకంలో అలా లాగే వీలుండదు. ఎత్తు పెంచే ముక్క విడిగా కొనాలి. హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ పది సెంటీమీటర్లుంటే ఆరో ఏడో ఉన్నది వేయించండి, మీద పడి అందుకోవాల్సిన అవసరం తప్పుతుంది. ఎత్తు పెంచాక హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. బ్రేకు వైర్లు బిగుసుకుంటే పొడుగువి వేయించాలి. ఈ ఒక్కటీ మరిచిపోయే మెకానిక్‌లు ఉంటారు, దగ్గరుండి చూసుకోవాలి.

వెడల్పూ ముఖ్యమే. కొండదారి సైకిళ్ల హ్యాండిళ్లు కొన్ని డెబ్బై సెంటీమీటర్లు దాటి ఉంటాయి. సన్నటి మనిషి దాన్ని పట్టుకుంటే చేతులు రెక్కల్లా విచ్చుకుని భుజాల కీళ్లు రోజంతా లాగుతుంటాయి. రెండు చివర్లా సమానంగా కోయించి, భుజాల కంటే కొంచెమే ఎక్కువ ఉండేలా చేయించుకోవచ్చు.

మన రోడ్ల మీద వాహనాలు దాటిపోయేది కుడివైపు నుంచి, కాబట్టి కుడి చేతి దగ్గర ఒక అద్దం పెట్టించండి. మెడ తిరగనివాళ్లు వెనక చూడాలంటే భుజం, నడుము మెలితిప్పాలి. అద్దం ఆ కష్టాన్ని చాలావరకు తగ్గిస్తుంది.

3. మోచేయి వంచండి, భుజం దించండి

మోచేతులు బిగించి తొక్కితే రోడ్డు మీది ప్రతి అదురూ నేరుగా భుజం కీలుకు చేరుతుంది. కొద్దిగా వంచితే కండ మధ్యలో దాన్ని తీసుకుంటుంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర, వంతెన అతుకుల దగ్గర, రోడ్డుకు అడ్డంగా తెల్లగా మందంగా గీసిన చారల దగ్గర ఇది మరీ అవసరం. అలాంటిచోట పెడళ్లు రెండూ ఒకే మట్టంలో ఆపి, సీటు మీద నుంచి కొద్దిగా లేవండి. లేవలేనివాళ్లు వేగం తగ్గించండి, తప్పేం లేదు.

భుజాలు చెవుల వైపు లేచిపోవడం మనకు తెలియదు. ఎండ పడ్డాక రోడ్డు మీద మీ నీడ చూడండి. నీడలో మెడ కనబడకపోతే భుజాలు ఎత్తి పెట్టారన్నమాట. నోటితో పొడుగ్గా ఊపిరి వదలండి, వాటంతటవే దిగుతాయి. మాదాపూర్‌లో సిగ్నళ్లకు కొదవ లేదు. ఎర్రలైటు పడ్డ ప్రతిచోటా కాలు నేలకు ఆనించి, చేతులు వేలాడేసి, భుజాలు వెనక్కి తిప్పండి. అందరికీ విసుగు పుట్టించే ఆ నిమిషం మన భుజానికి విశ్రాంతి.

4. ఏ వేలు మొద్దుబారిందో చూసుకోండి

చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున, చిటికెన వేలి వైపు, మణికట్టు దగ్గరగా వెళ్లే అల్నార్ నరం హ్యాండిల్‌కు, ఎముకకు మధ్య నలుగుతోందని అర్థం. సైకిల్ వాళ్లలో ఇది ఎంత మామూలంటే డాక్టర్లు దానికి హ్యాండిల్‌బార్ పాల్సీ అనే పేరే పెట్టారు. 200, 300, 600 కిలోమీటర్ల దూరపు సవారీలు, అంటే బ్రెవేలు, తొక్కేవాళ్లను అడగండి, వాళ్లకు ఈ వేళ్ల సంగతి బాగా తెలుసు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారితే మణికట్టు మధ్యలోంచి వెళ్లే మీడియన్ నరం. మణికట్టు పైకి విరిచి పట్టుకునేవాళ్లకు ఇది వస్తుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు సైకిల్ తొక్కకపోయినా వస్తుంది, రాత్రి నిద్రలో చేయి విదిలించుకుంటూ లేస్తారు.

చేయి, మణికట్టు, బ్రేకు పిడి ఒకే వాలులో ఉండాలి. బ్రేకు పిడులు నేలకు సమాంతరంగా ఉంటే మణికట్టు విరగక తప్పదు. అలెన్ కీతో వదులు చేసి, వేళ్లు తిన్నగా చాచితే అందేటట్టు కిందికి తిప్పించండి. చిన్న చేతులవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పిడి దూరంగా ఉండి ప్రతి బ్రేకుకూ చేయంతా సాగదీయాల్సి వస్తుంది. చాలా పిడుల్లో దగ్గరికి తెచ్చే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పడానికి డబ్బు ఖర్చు లేదు. గుండ్రటి రబ్బరు పట్టు బదులు అరచేయి ఆనేటట్టు వెడల్పుగా ఉండే పట్టు, జెల్ మెత్త ఉన్న గ్లౌజులు తర్వాత సంగతి. అవి నరానికి కొంత ఊరట ఇస్తాయి కానీ తప్పు అమరికను సరిచేయవు.

తిమ్మిరి సైకిల్ దిగాక కూడా గంటల తరబడి ఉంటున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా, బొటనవేలికి చూపుడు వేలికి మధ్య కండ గుంటపడుతున్నా తొక్కడం ఆపి డాక్టరును కలవండి.

5. టైరులో గాలి తగ్గించండి

పంక్చర్ షాపులో కుర్రాడు టైరును బొటనవేలితో నొక్కి, రాయిలా ఉంటేనే "ఓకే సార్" అంటాడు. టైరు పక్కన రాసి ఉండేది అంతకు మించి కొట్టకూడదని చెప్పే అంకె. అంత కొట్టాలని కాదు. రెండంగుళాల దాకా వెడల్పున్న టైరు మీద అరవై, డెబ్బై కిలోల మనిషికి 35, 40 పీఎస్ఐ చాలు. సన్న టైర్లకు ఎక్కువ కావాలి. మీటరున్న చేతి పంపు ఇంట్లో ఉంచుకుంటే ఈ సంగతి మీ అధీనంలో ఉంటుంది. గాలి సరిపడా తగ్గించాక గతుకుల రోడ్డు మీద మొదట తేడా తెలిసేది చేతులకే.

6. వీపు మీద సంచి వద్దు

కూరగాయలైనా, నీళ్ల సీసా అయినా, మనవడి స్కూలు బ్యాగైనా కారియర్ మీద కట్టండి. సంచి పట్టీలు నొక్కేది సరిగ్గా మెడ, భుజం కలిసే చోటే.

7. చేతులకు సాయం నడుము నుంచి రావాలి

ఒంటిని ముందుకు వంచి నిలబెట్టాల్సింది నడుము, పొట్ట, పిరుదుల కండలు. అవి నీరసపడితే ఆ పనీ చేతులే చేస్తాయి. పదేళ్లుగా కుర్చీకి, సోఫాకు అలవాటు పడిన ఒళ్లు ఒక్కసారిగా సైకిల్ ఎక్కితే మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది, ఆ తర్వాత నడుము కూలబడి బరువంతా అరచేతుల్లోకి వస్తుంది. "మొదట్లో ఏమీ ఉండదండీ, తొక్కగా తొక్కగా వస్తుంది నొప్పి" అనేవాళ్లను నేను ముందు నడుము గురించే అడుగుతాను.

చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం. ఈ మూడూ ఇంట్లోనే చేసుకోవచ్చు, రోజు విడిచి రోజు. కండ పెరగాలంటే పప్పు, గుడ్డు, పెరుగు లాంటివి కూడా తగినంత తినాలి. ఒట్టి అన్నం, పచ్చడితో అవదు.

ఈ వయసులో బలం పెరుగుతుందా అని అడిగేవాళ్లకు ఫ్రాన్స్ పెద్దాయన రాబర్ట్ మార్షాన్ గురించి చెబుతాను. 2014లో, 102 ఏళ్ల వయసులో, ఒక్క గంటలో 26.927 కిలోమీటర్లు తొక్కారాయన. 105 ఏళ్లకు మళ్లీ ట్రాక్ ఎక్కి గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కారు. 101 నుంచి 103 ఏళ్ల మధ్య సాధన పద్ధతి మార్చాక ఆయన ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే శక్తి 13 శాతం పెరిగిందని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. మనం ఆయనతో పోటీ పడక్కర్లేదు. నూరేళ్లు దాటిన ఒంట్లోనే పెరిగినప్పుడు అరవై ఐదేళ్ల నడుములో పెరగదని ఎలా అనుకుంటాం?

8. షుగర్ ఉంటే భుజాన్ని రోజూ పలకరించండి

చేయి పైకి లేవకపోవడం, వెనక జేబులోంచి పర్సు తీయలేకపోవడం, తల దువ్వుకోలేకపోవడం, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం. ఇవి మొదలైతే సైకిల్‌ను తిట్టకండి. ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. భుజం కీలు చుట్టూ ఉండే పొర మందమై బిగుసుకుపోవడం అది. షుగర్ ఉన్నవాళ్లకు మిగతావాళ్ల కంటే ఎక్కువగా వస్తుంది. మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత మెల్లగా వదలడం. మొత్తానికి ఏడాది నుంచి మూడేళ్లదాకా పట్టొచ్చు. తొందరగా గుర్తించి ఫిజియోథెరపీ మొదలుపెడితే బాధ తగ్గుతుంది. నొప్పి అని చేతిని అసలు కదపకుండా పెట్టుకుంటే బిగుతు పెరుగుతుంది.

రెండు చిన్న కసరత్తులు చెబుతాను. బల్లమీద ఒక చేయి ఆనించి ముందుకు వంగి, రెండో చేతిని వదులుగా వేలాడేసి, ఒంటి ఊపుతోనే అది గుండ్రంగా తిరిగేలా చేయండి. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ మీద మెల్లగా పైకి పాకండి. నొప్పి మొదలయ్యే దగ్గర ఆగి, కాసేపుంచి దిగండి. వేడినీళ్ల స్నానం చేశాక ఇవి తేలిగ్గా వస్తాయి. సైకిల్ ఎక్కే ముందు, భుజాల వెనక రెక్కల ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి వదలడం పదిసార్లు చేయండి. గడ్డం లోపలికి లాగి మెడ నిటారుగా చేయడం కూడా.

9. దారి ఎంచుకోవడం కూడా వైద్యమే

మా దగ్గరి అయ్యప్ప సొసైటీ సందుల్లో తొక్కినప్పుడు వచ్చే నొప్పి వేరు, ఖాళీ రోడ్డు మీద వచ్చేది వేరు. సందుల్లో నిమిషానికోసారి బ్రేకు నొక్కాలి, గతుకు తప్పించాలి, ఆటో ఎటు తిరుగుతుందో అని భుజాలు బిగబట్టి ఉండాలి. భయమే సగం నొప్పి. అందుకే ఆరింటిలోపు బయల్దేరి, ఆఫీసు క్యాబులు రోడ్డెక్కేలోపు ఇంటికి చేరమంటాను.

ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరు 1న మొదలైన సోలార్ సైకిల్ ట్రాక్ మన వయసువాళ్లకు పెద్ద వరం. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, మొదలైననాటికి మొత్తం 23 కిలోమీటర్లు. వెడల్పు నాలుగున్నర మీటర్లు. నెత్తి మీద 16 మెగావాట్ల సోలార్ పలకలు. కరెంటు పనిలో బతుకంతా గడిపినవాణ్ణి కాబట్టి ఆ పలకల కింద తొక్కుతుంటే నాకు ప్రత్యేకంగా సంతోషం. ఎండ లేదు, హారన్ లేదు. కానీ అక్కడొక జాగ్రత్త ఉంది. నున్నటి తిన్నటి దారి కాబట్టి చేతులు ఒకేచోట, ఒకే తీరున గంటసేపు ఉండిపోతాయి. తిమ్మిరి అక్కడే పట్టుకుంటుంది. పది నిమిషాలకోసారి పట్టు మార్చండి, ఒక చేయి తీసి విదిలించండి, అరగంటకోసారి దిగి నాలుగడుగులు నడవండి. మాదాపూర్ నుంచి అక్కడికి చేరేసరికే ఏడెనిమిది కిలోమీటర్లు అవుతుంది, దాన్నీ లెక్కలో వేసుకుని ఎంత తొక్కాలో తేల్చుకోండి.

10. ఎత్తు ఎక్కుతుంటే చేయి లాగితే ఆగిపోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. మాదాపూర్ పోలీస్ స్టేషన్ దగ్గర్నుంచి పెద్దమ్మ గుడి వైపు ఎక్కే రోడ్డు లాంటి చోట ఎడమ చేయి, భుజం, దవడ లాగడం మొదలై, ఆగి నిలబడగానే తగ్గిపోతే, అది సైకిల్ నొప్పి అనుకోకండి. సైకిల్ అమరిక వల్ల వచ్చే నొప్పి చేతి తీరు మార్చితే మారుతుంది. గుండె నుంచి వచ్చేది శ్రమతో పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. కుడి చేతికి కూడా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి అసలు లేకుండా ఒట్టి ఆయాసం, చెమట, నీరసంగానే కనబడొచ్చు. అలా ఒక్కసారి అనిపించినా ఆ వారంలోనే గుండె డాక్టరును కలవండి, ఆ లోపు సైకిల్ ముట్టకండి. ఆగినా తగ్గకపోతే, ఛాతీ మీద బరువు పెట్టినట్టుంటే, చల్లటి చెమటలు పోస్తుంటే 108కి ఫోన్ చేయండి. తొక్కుకుంటూ ఇంటికి రావద్దు. ఇంట్లోవాళ్లను కంగారు పెట్టడమెందుకని దాచవద్దు.

11. పడ్డాక "ఏం కాలేదు" అనవద్దు

పడబోతూ చేయి చాచి నేలకు ఆనించడం సహజం. ఆ దెబ్బ మణికట్టుకో, మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముకకో, భుజం లోపలి కండరాల నారకో తగులుతుంది. ఎక్స్‌రేలో ఎముక బాగుందంటే సరిపోదు. చేయి పక్కకు ఎత్తలేకపోతుంటే నార తెగి ఉండొచ్చు, అది ఎక్స్‌రేలో కనబడదు. స్కానింగ్ కావాలా అని ఎముకల డాక్టరును మీరే అడగండి.

12. మాత్ర వేసుకుని సైకిల్ ఎక్కవద్దు

నొప్పి మాత్ర మింగి తొక్కితే ఆ పూట హాయిగా ఉంటుంది, నలిగే నరం నలుగుతూనే ఉంటుంది. మన వయసులో బీపీ, కిడ్నీ, కడుపు పుండు, రక్తం పల్చబడే మందులు వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు చాలావరకు వీటికి చేటే. కొత్తగా పట్టిన కండ నొప్పికి రెండు మూడు రోజులు విశ్రాంతి, మొదట చల్లటి కాపడం, తర్వాత వేడి కాపడం. రెండు వారాలకూ తగ్గకపోతే డాక్టరు. ఇంతకు మించి సొంత వైద్యం వద్దు.

13. ఈ చివరిది పిల్లలకు

ఈ ఐటీ కారిడార్‌లో ఉద్యోగాలు చేసే మా పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నల పుట్టినరోజుకు ఖరీదైన సైకిల్ ఆన్‌లైన్‌లో కొని ఇంటికి పంపిస్తున్నారు. మీ ప్రేమ మాకు తెలుసు. ఆ పెట్టె విప్పి బిగించేవాడు మమ్మల్ని చూడనుకూడా చూడడు. మీకు నచ్చిన సైజు, మీ వెన్నుకు తగ్గ వంపు మాకు వస్తుంది. మొహమాటంతో, మీరు కొనిచ్చారన్న మురిపెంతో దానిమీదే తొక్కుతాం, భుజం పట్టుకుపోయినా మీకు చెప్పం.

కొనేముందు మమ్మల్ని షాపుకు తీసుకెళ్లండి. ఎక్కించి, పది నిమిషాలు తొక్కనివ్వండి. పక్కన నిలబడి సీటు మట్టం, హ్యాండిల్ ఎత్తు, బ్రేకు పిడి దూరం సరిచేయించండి. నెల తర్వాత మళ్లీ ఒకసారి అడగండి, "నాన్నా, చేతులు ఏమైనా తిమ్మిరెక్కుతున్నాయా? అమ్మా, మెడ లాగుతోందా?" అని. ఇప్పటికే ఇంట్లో ఉన్న సైకిల్ అయితే ఈ ఆదివారమే రసమట్టం తీసుకుని కిందికి దిగండి.